తొవ్వ లేని ఊరికి ఏ ఇంజను? డీజిలా, పెట్రోలా?

వానలు మొదలైతే సాలు, ఒకటే వార్త మళ్ల మళ్ల వస్తది. నొప్పులు వడుతున్న ఆడబిడ్డను మంచం మీద మోసుకొని వాగు దాటిచ్చిండ్రని. 108 బండి తారురోడ్డు ఉన్నకాడికే వచ్చి ఆగుతది. ఆడికెల్లి గూడెం దాక బురద తొవ్వ. మోసేటోళ్ల భుజాలే అంబులెన్సు.

అందుకే కొన్ని ఊర్ల పోరగాండ్లు, సంఘపోళ్లు ఒక మాట అడుగుతున్నరు. తలా ఇంత ఏసుకొని ఊరికొక ఫోర్ వీల్ బండి కొంటే ఎట్లుంటది? కొంటే డీజిల్‌ది కొనాల్నా, పెట్రోల్‌ది కొనాల్నా?

షోరూముకు పోతే అమ్మేటోడు తన దగ్గర ఏది నిల్వ ఉంటే దాన్నే మెచ్చుకుంటడు. పట్నంల షోకుకు జీపు కొన్నోడు తన షోకు ముచ్చటే చెప్తడు. ఊరి పైసలతోని కొనే బండికి ఆ రెండు సలహాలు పనికిరావు. పది ఇండ్ల కష్టం ఒక్క ఇంజన్ల పెడుతున్నం. గందుకే ఈ ముచ్చట జర నిమ్మళంగ, మొదటికెల్లి మాట్లాడుకుందాం.

లోపల జరిగేది ఏంది?

పెట్రోల్ ఇంజన్ల గాలి, పెట్రోల్ కలిపి సిలిండర్ల నొక్కుతరు. ప్లగ్గు నిప్పురవ్వ కొడితే అంటుకుంటది. డీజిల్ ఇంజన్ల ప్లగ్గు రవ్వ ఉండది. ఉత్త గాలినే గట్టిగ నొక్కుతరు. నొక్కితే గాలి కాగుతది. సైకిల్‌కు గాలి కొట్టినప్పుడు పంపు వేడైతది సూడుండ్రి, గదే సంగతి. ఆ కాగిన గాలిల డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటది. జర్మనీ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1890లల్ల కనిపెట్టిన పద్ధతి ఇది. ఆయన పేరే నూనెకు సుత పడ్డది.

పెట్రోల్ ఇంజను గాలిని పది, పన్నెండు వంతులకు నొక్కితే, డీజిల్ ఇంజను పదహారు, అంతకన్న ఎక్కువ వంతులకు నొక్కుతది. ఇంత ఒత్తిడి తట్టుకోవాలంటే ఇనుము మందంగ ఉండాలె. అందుకే డీజిల్ ఇంజను బరువు, ధర రెండూ ఎక్కువ. ఎక్కువ నొక్కుడు వల్లనే అదే లీటరు నూనెకు ఎక్కువ పని తీస్తది. దానికి తోడు లీటరు లెక్కన సూస్తే డీజిల్‌లనే పెట్రోల్ కన్న పదిశాతం పైన ఎక్కువ శక్తి ఉంటది. మైలేజీ తేడా ఈ రెండింటికెల్లి వస్తది.

గుంజే బలం: పాత మాట, కొత్త మాట

"గుట్ట ఎక్కాలంటే డీజిలే" అని మన పెద్దోళ్లు అంటరు. ఆ మాట వాళ్ల కాలానికి నిజం. మహీంద్రా కమాండర్ జీపుల ఇరవై మంది ఎక్కి అంగడికి పోయిన కాలం అది. బురదల బండి నిమ్మళంగ కదలాలంటే స్పీడు గాదు, తక్కువ తిరుగుడు మీద గట్టిగ గుంజే బలం కావాలె. దాన్ని టార్క్ అంటరు. డీజిల్‌కు ఆ బలం కింది తిరుగుళ్లల్లనే వస్తది. క్లచ్చు వదిలి, యాక్సిలేటర్ తొక్కకున్నా చిన్న గేర్ల పాకుకుంట పోతది, తొందరగ బంద్ గాదు.

కని ఇప్పుడు లెక్క మారింది. 2020ల వచ్చిన థార్‌ను సూడుండ్రి. 2.2 లీటర్ల డీజిల్ ఇంజనుకు 130 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్ల టార్క్. అదే బండిల 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజనుకు 150 హార్స్‌పవర్, గేరు బండికి అదే 300 టార్క్, ఆటోమేటిక్‌కు 320. ఆ బలం సుత కింది తిరుగుళ్లల్లనే వస్తది. అంటే టర్బో ఉన్న పెట్రోల్ ఇంజను గుంజుడుల డీజిల్‌కు తీసిపోదు.

మారుతి జిమ్నీది వేరే తరీక. 2023 జూన్‌ల వచ్చింది, ఉత్త పెట్రోలే. 1.5 లీటర్ల ఇంజనుకు టర్బో లేదు, టార్క్ 134 మాత్రమే. మరి అది గుట్ట ఎక్కదా? ఎక్కుతది. ఎందుకంటే దాని బరువు 1,200 కిలోల దగ్గర. థార్ 1,700 దాటుతది. తేలికపాటి బండి నల్లరేగడిల తక్కువ దిగబడతది. దిగబడ్డా నలుగురు నూకితే బయటికొస్తది. ఇంజను బలం ఎంత అని అడిగేముందు, ఆ బలం ఎంత బరువును మొయ్యాలె అని అడగాలె.

ఫోర్స్ గూర్ఖా ఉత్త డీజిలే. 2024ల వచ్చిన మోడల్‌కు 2.6 లీటర్ల ఇంజను, 320 టార్క్. మంది ఎక్కువ, సామాన్లు ఎక్కువ అంటే అది మోసే బండి.

ఇక్కడ ఒక మోసం సుత ఉన్నది. థార్ 1.5 లీటర్ల డీజిల్ తక్కువ ధరకు వస్తది. సూడనీకె అచ్చం అదే థార్. కని 2023 జనవరిల అది వచ్చింది వెనుక చక్రాలు మాత్రమే గుంజే బండిగ. ఫోర్ వీల్ లేదు. పేరు జూసి, రూపం జూసి కొంటే మొదటి వానకే తెలుస్తది. ఇంజను ముచ్చట కన్న ముందు అడగాల్సింది ఇది: నాలుగు చక్రాలు తిరుగుతయా? 'ఫోర్ లో' గేరు ఉన్నదా? ఆ చిన్న గేరు ఉంటే మామూలు ఇంజను బలం సుత చక్రం కాడికి వచ్చేసరికి రెండింతలు దాటుతది. లేకపోతే ఎంత పెద్ద ఇంజనైనా బురదల చక్రం గిర్రున తిరుగుడు తప్ప ఏం జెయ్యది.

వాగు దాటేటప్పుడు

డీజిల్‌కు నీళ్ల భయం లేదని ఇంకో మాట. ఇది సుత సగమే నిజం. పాత డీజిల్ జీపుకు ప్లగ్గు లేదు, కాయిల్ లేదు. ఒకసారి స్టార్టైతే కరెంటుతోని దాదాపు పని ఉండకపోయేది. నీళ్లు చిమ్మినా ఆగకపోయేది. పాత పెట్రోల్ జీపు మాత్రం కాయిల్ తడిస్తే ఆడనే ఆగుతుండె.

ఇప్పటి డీజిల్ బండికి కామన్ రైల్ అనే పద్ధతి ఉంటది. నూనె ఎప్పుడు చిమ్మాలె, ఎంత చిమ్మాలె అన్నది కంప్యూటర్ చెప్తది. సెన్సార్లు, వైర్లు పెట్రోల్ బండిల ఎన్ని ఉంటయో డీజిల్‌ల సుత అన్ని ఉంటయి. తడిస్తే రెండింటికీ కష్టమే.

అసలు ప్రమాదం వైర్లల్ల కాదు, గాలి గొట్టంల ఉన్నది. ఇంజను గాలి పీల్చే మూతి నీళ్లల్ల మునిగితే సిలిండర్లకు నీళ్లు పోతయి. గాలిని నొక్కొచ్చు, నీళ్లను నొక్కలేం. పిస్టన్ పైకి వచ్చి నీళ్లను గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతది. పెట్రోల్ బండికైనా ఇంతే. కని డీజిల్‌ల పిస్టన్ పైన మిగిలే జాగ ఇంకా తక్కువ గనుక కొన్ని నీళ్లకే దెబ్బ తగులుతది. ఆ రిపేరు సగం ఇంజను ధర.

థార్ 650 మిల్లీమీటర్ల నీళ్లల్ల పోతదని కంపెనీ చెప్తది. అది నిలిచిన నీళ్ల లెక్క. మన వాగులు నిలిచి ఉండయి, ఉరికి వస్తయి. పారే నీళ్లు చక్రం సగం దాక వచ్చినా బండిని పక్కకు నూకుతయి. అది డీజిల్‌దా పెట్రోల్‌దా అని వాగు అడగది. నీళ్లల్ల బండి ఆగితే మళ్ల చాబీ తిప్పొద్దు. తాడు కట్టి గుంజుండ్రి, గాలి ఫిల్టర్ విప్పి తడి ఉన్నదా సూడుండ్రి. ఈ ఒక్క ముచ్చట డ్రైవర్‌కు నేర్పితే ఇంజను బతుకుతది.

నూనె యాడ దొరుకుతది?

పట్నంపోళ్లకు రాని ప్రశ్న ఇది. బంకు ముప్పై, నలభై కిలోమీటర్ల దూరం ఉన్న ఊరికి ఇదే పెద్ద ప్రశ్న.

డీజిల్‌కు ఇక్కడ ఒక బలం ఉన్నది. ట్రాక్టర్ ఉన్న ప్రతి ఇంట్ల ఒక క్యాను డీజిల్ ఉంటది. అర్ధరాత్రి అవసరమైతే దొరుకుతది. డీజిల్ తొందరగ అంటుకోదు. పెట్రోల్ ఆవిరి మాత్రం సలికాలంల సుత అంటుకుంటది. ఇంట్ల పెట్రోల్ నిల్వ పెట్టుడు అంటే పొయ్యి పక్కన మంట పెట్టుకున్నట్టే. కిరాణ దుకాణంల సీసాల అమ్మే పెట్రోల్‌ల ఏం కలుస్తదో అమ్మేటోనికే ఎరుక.

కని అదే ట్రాక్టర్ డీజిల్ కొత్త బండికి జబ్బు సుత తెస్తది. కామన్ రైల్ పంపు నూనెను వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితోని చిమ్ముతది. మన టైర్ల గాలి రెండు బార్ల చిల్లర, దాంతోని పోల్చుకోండ్రి. నాజిల్ రంధ్రం వెంట్రుక లెక్క సన్నగుంటది. తుప్పు పట్టిన క్యాన్ల చెంచాడు నీళ్లు, చిటికెడు దుమ్ము ఉన్నా పంపు, నాజిల్లు రెండూ పాడైతయి. పాత జీపు ఏది పోసినా తాగింది. కొత్తది తాగది. క్యాను డీజిల్ పోస్తే మంచి జాలి గరాటుతోని వడగట్టి పొయ్యాలె. ఫిల్టర్ కింద ఉండే నీళ్ల తిత్తిని ఎప్పటికప్పుడు వంపాలె.

ఇంకొకటి. డీజిల్ ఒడిసేదాక తోలితే లైన్ల ఎయిర్ పడతది. నూనె పోసినంక సుత వెంటనే స్టార్ట్ గాదు, పంపు కొట్టి గాలి తియ్యాలె. పెట్రోల్‌కు ఈ తిప్పలు చాన తక్కువ.

ఆదిలాబాద్ సలికి డీజిల్ గడ్డకడతదా అని అడుగుతరు. కట్టది. లద్దాఖ్‌ల కడతది. అందుకే 2019ల ఇండియన్ ఆయిల్ అక్కడికి సున్నా కింద 33 డిగ్రీల దాక గడ్డకట్టని సలికాలం డీజిల్ తెచ్చింది. మనకు ఆ రంది లేదు.

ఇగ పెట్రోల్‌కు కొత్తగ వచ్చిన చిక్కు ఇథనాల్. ఇప్పుడు బంకుల పోసేది ఉత్త పెట్రోల్ గాదు, 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. ఇథనాల్‌ల పెట్రోల్ల ఉన్న శక్తిల మూడింట రెండు వంతులే ఉంటది. ఈ20కి తయారు చెయ్యని కార్లకు 6, 7 శాతం మైలేజీ తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 రిపోర్టే చెప్పింది. ఇథనాల్ తేమను పీలుస్తది. అవసరానికే బయటికి తీసే బండి వానకాలమంతా ఊకే నిలబడితే, ట్యాంకుల నీళ్లు చేరి అడుగుకు దిగే ప్రమాదం ఉన్నది. పాత బండ్ల రబ్బరు పైపులకు సుత ఇది పడది. ఈ ఇథనాల్ ఫ్యాక్టరీ మా ఊర్ల వద్దని నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం 2024 నవంబర్‌ల రోడ్డెక్కిండ్రు. నీళ్లు, పొలాలు ఖరాబైతయని వాళ్ల బాధ. ట్యాంకుల పడే సుక్క ఎక్కడికెల్లి వస్తదో సుత మన లెక్కల ఉండాలె.

మసి డబ్బా సంగతి

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్6 రూల్ వచ్చింది. డీజిల్‌ల గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. కొత్త డీజిల్ కార్ల పొగగొట్టంల మసిని పట్టే ఫిల్టర్ పెట్టిండ్రు, డీపీఎఫ్ అంటరు. ఇది మంచి పనే. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లనే తేల్చింది. పాత జీపు వెనుక కూసొని అంగడికి పోయినోళ్లకు ఆ నల్లపొగ ఎట్లుంటదో చెప్పాల్సిన పని లేదు.

కని ఆ డబ్బాకు ఒక గుణం ఉన్నది. మసి నిండితే దాన్ని కాల్చుకోవాలె. అందుకు పొగగొట్టం ఆరువందల డిగ్రీల దాక కాగాలె. కాగాలంటే బండి మంచి రోడ్డు మీద ఆగకుండ కొంతసేపు ఉరకాలె. గూడెం నుంచి తారురోడ్డు దాక ఐదు కిలోమీటర్లు ఫస్టు గేర్ల పోయి, మళ్ల అట్లనే తిరిగొచ్చే బండికి ఆ మోకా ఎక్కడిది? డబ్బా నిండుతది, లైటు వెలుగుతది, ఆఖరికి బండి బలం తగ్గి కుంటుతది. సగంల ఆగిన కాల్చుడు వల్ల డీజిల్ ఇంజన్ ఆయిల్ల సుత కలుస్తది. నెలకు రెండు మూడు సార్లన్నా పెద్దరోడ్డు మీద ఓ అరగంట తోలేటోళ్లకు ఈ బాధ రాదు. తోలనోళ్లకు తప్పది.

ఎండకాలంల ఇంకో జాగ్రత్త. ఆ వేడి గొట్టంతోని బండిని ఎండిన టేకు ఆకుల మీద, గడ్డి మీద నిలపొద్దు. అడవి అంటుకుంటది. పెట్రోల్ బండి గొట్టం సుత వేడే, కని మసి కాల్చుకునేటప్పుడు డీజిల్‌ది ఇంకా ఎక్కువ.

పైసల లెక్క

ఒకప్పుడు ఈ లెక్క అలకగ ఉండె. 2012 మే నెలల ఢిల్లీల పెట్రోల్ 73 రూపాయలు, డీజిల్ 41 రూపాయలు. కళ్లు మూసుకొని డీజిల్ కొనేటోళ్లు. 2014 అక్టోబర్‌ల డీజిల్ ధరను సర్కారు కంపెనీల చేతికిచ్చింది. 2024 మార్చిల ధరలు తగ్గినంక హైదరాబాద్‌ల పెట్రోల్ 107 రూపాయల చిల్లర, డీజిల్ 95 రూపాయల చిల్లర. 32 రూపాయల తేడా 12కు వచ్చింది.

ఇప్పుడు మీ ఊరి లెక్క మీరే చెయ్యొచ్చు. పెట్రోల్ బండి లీటరుకు 10, డీజిల్ బండి 13 కిలోమీటర్లు ఇస్తదనుకుందాం. పెట్రోల్ 107, డీజిల్ 96 అనుకుంటే కిలోమీటరుకు పెట్రోల్‌కు 10 రూపాయల 70 పైసలు, డీజిల్‌కు 7 రూపాయల 40 పైసలు. మిగిలేది కిలోమీటరుకు 3 రూపాయల 30 పైసలు. డీజిల్ బండి లక్షన్నర ఎక్కువ ధర అనుకుంటే, ఆ లక్షన్నర తిరిగి రావాలంటే 45 వేల కిలోమీటర్లు నడవాలె.

నెలకు 500 కిలోమీటర్లు నడిచే బండికి అది ఏడున్నర ఏండ్లు. నెలకు 2,000 నడిచే బండికి రెండేండ్లు సుత పట్టది. సర్వీసు, ఫిల్టర్ల ఖర్చు డీజిల్‌కే ఎక్కువ గనుక ఇంకొంత కలుపుకోవాలె. ధరలు మారితే అంకెలు మార్చుండ్రి, పద్ధతి మాత్రం ఇదే. బండి ఎంత తిరుగుతది అన్న ప్రశ్నకు జవాబు లేకుండ ఏ ఇంజను మంచిది అన్న ప్రశ్నకు జవాబు లేదు.

పాత బండి కొంటమంటరా? ఢిల్లీ దిక్కు పదేండ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు ఉన్నయి గనుక అటుకెల్లి అగ్గువకు వస్తయి. కని ఎన్‌ఓసీ, ఇక్కడ రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్సు లెక్క జూస్తే ఆ అగ్గువ సగం కరుగుతది. బీఎస్6 కన్న ముందటి డీజిల్ బండికి మన మెకానిక్ చెయ్యి తిరిగి ఉంటది, అది నిజమే. దళారి మాట గాదు, ఆ మెకానిక్ మాట ఇని కొనుండ్రి.

మరి ఏది కొనాలె?

ఊరి బండి రోజూ తిరుగుతదా, అంగడికి, దవాఖానకు, మండలానికి ముప్పై నలభై కిలోమీటర్లు పోయొస్తదా, ఏడెనిమిది మందిని, బస్తాలను మోస్తదా? డీజిల్ కొనుండ్రి. పెద్దరోడ్డు ఎక్కుతది గనుక మసి డబ్బా సాఫైతది, తిరుగుతది గనుక పైసలు తిరిగొస్తయి.

అవసరానికే తీస్తరా, గూడెం నుంచి తారురోడ్డు దాకనే పోయొస్తదా, ఇద్దరు ముగ్గురు మనుషులేనా? పెట్రోల్ కొనుండ్రి. తేలికది కొనుండ్రి. వారానికి ఒకసారన్నా స్టార్ట్ చేసి తోలుండ్రి, నూనె నెలల తరబడి నిల్వ ఉంచొద్దు.

ఏది కొన్నా మూడు పనులు తప్పవు. బురదను పట్టే టైర్లకు పైసలు పక్కకు పెట్టాలె. సగం అరిగిన టైరు మీద ఏ ఇంజను పని చెయ్యది. బండి ఎవరి పేరు మీద ఉంటదో, ఖర్చు ఎవరు పెడతరో పదిమందిల కూసొని కాగితం మీద రాసుకోవాలె. తెల్ల నెంబర్ ప్లేటు బండిల కిరాయి తీసుకొని మందిని ఎక్కిస్తే, యాక్సిడెంట్ అయిననాడు ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేస్తది. గది యాది పెట్టుకోవాలె.

ఆఖరిగ ఒక మాట. ఊరు బండి కొనుక్కున్నదని సర్కారు రోడ్డు మరిచిపోతే అది మనకే నష్టం. "అడవి భూమి, రోడ్డు ఎయ్యలేం" అని ఆఫీసరు అంటే, 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) సూపియ్యుండ్రి. గ్రామసభ సిఫారసు ఉంటే రోడ్డు, బడి, దవాఖాన లాంటి పనులకు ఒక్కోదానికి హెక్టారు లోపు అడవి భూమి ఇయ్యొచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు అని అందుల ఉన్నది. బండి కోసం సందా ఏసే రోజే, అదే మంది కూసొని, అదే కాగితాల పక్కన గ్రామసభ తీర్మానం సుత రాయుండ్రి. ఇంజను పదేండ్లకు అరుగుతది. రోడ్డు పడితే మన పిల్లలకు ఈ డీజిల్, పెట్రోల్ పంచాయితీ ఉండది.